మీ 9.8ని ఎందుకు నమ్మాలి? భౌతికశాస్త్ర పరిశోధన నివేదికకు ఒక సమగ్ర మార్గదర్శి

ఇద్దరు విద్యార్థులు లఘులోలకంతో గురుత్వ త్వరణాన్ని కొలిచారు. మొదటి నివేదిక చివర 9.81 అని ఉంది. ఎన్ని డోలనాలు (అటూ ఇటూ పూర్తి ఊపులు) లెక్కపెట్టారో, దారం పొడవును ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో అందులో ఎక్కడా లేదు. రెండో నివేదికలో 9.6 వచ్చింది. పక్కనే ‘± 0.3’ అని రాసి, ఆ 0.3 ఎలా వచ్చిందో అర పేజీలో చూపించారు. దిద్దేవారు దేనికి ఎక్కువ మార్కులు వేస్తారు? రెండోదానికే. 9.81 ఏ పాఠ్యపుస్తకం తెరిచినా దొరుకుతుంది. 9.6 ± 0.3 మాత్రం ఆ విద్యార్థి ఆ బల్ల దగ్గర నిలబడి కొలిస్తే తప్ప రాదు.

ఈ మార్గదర్శి అంతా ఆ ‘± 0.3’ చుట్టూ తిరుగుతుంది. మీ ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చదివేవారికి చెప్పగలిగితే నివేదికలో కష్టమైన భాగం అయిపోయినట్టే. ఉదాహరణగా మొదటి నుంచి చివరి దాకా లోలకాన్నే వాడతాను. అది అందరికీ తెలిసిన ప్రయోగం. పైగా అందులో జరగగల పొరపాట్లలో చాలావాటిని నేను స్వయంగా చేసి ఉన్నాను.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని: మీ బోర్డు లేదా పాఠశాల ఇచ్చిన మార్కుల విభజన పత్రాన్ని చదవండి. ఏ విభాగానికి ఎన్ని మార్కులో తెలియకుండా రాస్తే, రెండు మార్కుల పరిచయానికి మూడు పేజీలు, ఎనిమిది మార్కుల విశ్లేషణకు పది పంక్తులు అయిపోతాయి.

1. ప్రశ్నను బిగించడం

‘బంతి ఎలా ఎగురుతుంది?’ అనేది కుతూహలం. పరిశోధన ప్రశ్న కావాలంటే దాన్ని ఇంకాస్త బిగించాలి: ‘బంతిని వదిలే ఎత్తును 0.4 మీటర్ల నుంచి 2 మీటర్ల దాకా పెంచుతూ పోతే, అది తిరిగి లేచే ఎత్తు అదే నిష్పత్తిలో పెరుగుతుందా?’ ఇప్పుడు ఏది మార్చాలో, ఏది కొలవాలో, ఎంత మేర మార్చాలో, దేనికోసం వెతుకుతున్నారో అన్నీ ఒక్క వాక్యంలోకి వచ్చాయి.

మీరు మార్చేది స్వతంత్ర చరరాశి. దానివల్ల మారేది ఆశ్రిత చరరాశి. రెండూ సంఖ్యల్లో కొలవగలిగినవై ఉండాలి. ‘ఏ రకం బంతి బాగా ఎగురుతుంది?’ అనే ప్రశ్న ఇక్కడే ఓడిపోతుంది. బంతుల రకాలతో దిమ్మెల పటం వస్తుంది కానీ గ్రాఫు గీయలేరు. గ్రాఫు లేకపోతే వాలు ఉండదు, వాలు లేకపోతే విశ్లేషించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

మూడో వర్గం, మారకుండా పట్టి ఉంచాల్సినవి. ఇక్కడ చాలామంది ‘ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచాను’ అని ఒక జాబితా రాసి వదిలేస్తారు. ఎలా ఉంచారు? ఉంచకపోతే ఫలితం ఎటు జరిగేది? ఈ రెండూ రాయకపోతే ఆ జాబితాకు విలువ లేదు. తీగ పొడవుతో దాని నిరోధం ఎలా మారుతుందో చూస్తున్నారనుకోండి. తీగ పొట్టిగా ఉన్నప్పుడు ఎక్కువ విద్యుత్తు ప్రవహించి అది వేడెక్కుతుంది, లోహపు తీగ కాబట్టి నిరోధం పెరుగుతుంది. ‘అందుకే తక్కువ ప్రవాహం వాడి, రీడింగుకీ రీడింగుకీ మధ్య స్విచ్చి ఆపి ఉంచాను’ అని రాస్తే అది నియంత్రణ.

వ్యాప్తి గురించి ఒక హెచ్చరిక. లోలకం పొడవును 80 సెంటీమీటర్ల నుంచి 100 సెంటీమీటర్ల దాకా మాత్రమే మారిస్తే, ఆవర్తన కాలం (ఒక డోలనానికి పట్టే సమయం) 1.80 సెకన్ల నుంచి 2.01 సెకన్లకు మారుతుంది. ఆ కొద్ది మేరలో వర్గమూల సంబంధం కూడా సరళరేఖలాగే కనిపిస్తుంది. అది వర్గమూలమా, అనులోమానుపాతమా అని మీ దత్తాంశం తేల్చలేదు. అదే 20 నుంచి 100 దాకా వెళ్తే వంపు కంటికే తెలుస్తుంది. అతి చిన్న విలువకు అతి పెద్ద విలువ కనీసం నాలుగైదు రెట్లు ఉండేలా చూసుకోండి. మధ్యలో ఆరేడు విలువలు తీసుకుంటే సరిపోతుంది.

లోలకం అందరూ చేసేదే కదా అనుకునేవారికి కొన్ని ఆలోచనలు: రంధ్రం ఉన్న పాత్రలో నీటిమట్టం తగ్గుతున్న కొద్దీ నీరు బయటకు వచ్చే వేగం ఎలా మారుతుంది? చిన్న దీపం నుంచి దూరం పెరిగే కొద్దీ కాంతి తీవ్రత వర్గ విలోమంగా తగ్గుతుందా? ఈ రెండోది ఫోనులోని కాంతి సెన్సరుతో చేయవచ్చు. అయితే గదిలోని మిగతా వెలుతురును విడిగా కొలిచి తీసివేయాలి. పైగా దీపం పరిమాణం దూరంతో పోలిస్తే బాగా చిన్నదై ఉండాలి, లేకపోతే దగ్గరి రీడింగుల్లో నియమం వర్తించదు. ఇలాంటి చిక్కులున్న ప్రయోగానికే మార్కులు ఎక్కువ వస్తాయని నా అభిప్రాయం. చిక్కు ఉంటేనే రాయడానికి విషయం ఉంటుంది.

2. ఊహను సంఖ్యగా మార్చడం

పరికల్పన అంటే ‘పొడవు పెరిగితే కాలం పెరుగుతుందని అనుకుంటున్నాను’ అనడం కాదు. సిద్ధాంతం నుంచి మొదలుపెట్టండి. చిన్న కోణాలకు లోలకం ఆవర్తన కాలం వర్గం, పొడవుకు అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే పొడవు నాలుగు రెట్లయితే కాలం రెండు రెట్లు కావాలి. ఆవర్తన కాలం వర్గాన్ని నిలువు అక్షంపైన, పొడవును అడ్డ అక్షంపైన తీసుకుంటే మూలబిందువు గుండా సరళరేఖ రావాలి. దాని వాలు, 4π²ని (39.48) గురుత్వ త్వరణంతో భాగిస్తే వచ్చే విలువ. 9.8 తీసుకుంటే వాలు సుమారు 4.03 సె²/మీ రావాలి.

ప్రయోగం చేయకముందే ఏ గ్రాఫు గీస్తారో, దాని వాలుకు అర్థమేమిటో, ఎంత రావాలో తెలిసిపోయింది చూశారా. ఈ ఒక్క పేరాకు రెండు పేజీల ‘లోలకం చరిత్ర’ సాటి రాదు.

3. తొలి విడత ప్రయోగం

అసలు రీడింగులకు ముందు అరగంట పాటు ఊరికే చేసి చూడండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. లోలకం ఎన్ని డోలనాల తర్వాత బాగా నీరసిస్తోంది? దారం చివరి గోళం నేరుగా ఊగుతోందా, గుండ్రంగా తిరుగుతోందా? దారం సాగుతోందా? స్టాండు కదులుతోందా? అన్నిటికన్నా ముఖ్యం, ఒకే కొలతను అయిదుసార్లు తీసుకుంటే అంకెలు ఎంత చెదురుతున్నాయి?

తొలి విడతలో కనుక్కున్నదాన్ని నివేదికలో చెప్పండి. ‘మొదట 5 డోలనాలకు కాలం కొలిచాను. రీడింగుల మధ్య తేడా ఎక్కువగా ఉన్నందువల్ల 20కి పెంచాను’ అనే రెండు వాక్యాలు మీ పద్ధతిని మీరే ఆలోచించి తయారు చేశారనడానికి సాక్ష్యం.

4. పద్ధతి: ఏం చేశారో, ఎందుకు చేశారో

వంటకం రాసినట్టు ‘స్టాండు తీసుకోవాలి, దారం కట్టాలి’ అని ఆజ్ఞల వరుస రాయకండి. మీరు చేసినదాన్ని చేసినట్టు, భూతకాలంలో రాయండి. పరికరాల జాబితాలో ప్రతి కొలత సాధనం పక్కన దాని కనీసపు కొలత (అది చదవగల అతి చిన్న విలువ) ఉండాలి. మీటరు స్కేలుకు 1 మిల్లీమీటరు, స్క్రూగేజికి సాధారణంగా 0.01 మిల్లీమీటరు. స్క్రూగేజి, వెర్నియర్ కాలిపర్స్ వాడితే శూన్యాంశ దోషం (ఏమీ కొలవనప్పుడు కూడా సున్నా చూపకపోవడం) చూశారో లేదో తప్పక చెప్పాలి. పటం స్కేలుతో గీసి, పొడవును ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో బాణంతో చూపించండి. భద్రత గురించి రెండు వాక్యాలు చాలు.

లోలకానికి సంబంధించి నాలుగు నిర్ణయాలు ఫలితాన్ని నిజంగా మారుస్తాయి. వాటికి కారణాలు రాయాలి.

కోణం మొదటిది. ఆవర్తన కాలం కోణంపైన ఆధారపడదనేది చిన్న కోణాలకు మాత్రమే వర్తిస్తుంది. 10 డిగ్రీల దగ్గర కాలం 0.2% పెరుగుతుంది, 20 దగ్గర సుమారు 0.8%, 40 దగ్గర 3%. ‘చిన్న కోణం తీసుకున్నాను’ అని ఊరుకోకుండా, ‘10 డిగ్రీలకు మించనివ్వలేదు, కాబట్టి ఈ ప్రభావం 0.2%కు లోపే’ అని రాస్తే వాక్యం బలపడుతుంది.

రెండోది, కాలాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారు. గోళం చివరి స్థానంలో ఒక క్షణం ఆగినట్టు ఉంటుంది కాబట్టి అక్కడే స్టాప్‌వాచ్ నొక్కాలనిపిస్తుంది. కానీ అది సరిగ్గా ఏ క్షణంలో ఆగిందో కన్ను చెప్పలేదు. విరామ స్థానం (ఊగకుండా ఉన్నప్పుడు గోళం నిలిచే చోటు) దగ్గర గోళం అతి వేగంగా కదులుతుంది. వెనక ఒక నిలువు గీత గీసి పెట్టుకుని, గోళం దాన్ని దాటే క్షణంలో నొక్కితే సందిగ్ధం బాగా తగ్గుతుంది.

మూడోది లెక్కపెట్టడం. స్టాప్‌వాచ్ నొక్కినప్పుడు ‘సున్నా’ అనాలి. ‘ఒకటి’ అంటే మీరు 20 అనుకున్నవి నిజానికి 19 డోలనాలు. కాలం 5% తగ్గి వస్తుంది, దాన్ని వర్గం చేసేసరికి గురుత్వ త్వరణం 10.9 దాకా ఎగబాకుతుంది. ఎవరికైనా 10.9 వచ్చిందంటే నేను మొదట అడిగే ప్రశ్న ఇదే.

నాలుగోది, పొడవు. దారం వేలాడే బిందువు నుంచి గోళం మధ్య బిందువు దాకా కొలవాలి. దీని కథ గ్రాఫు దగ్గర మళ్లీ వస్తుంది.

5. రీడింగులు రాసుకోవడం

రీడింగులను చిత్తు కాగితాల మీద కాకుండా ఒకే పుస్తకంలో, పెన్నుతో రాయండి. తప్పు అనిపించినదాన్ని ఒక గీతతో కొట్టేసి, కారణం పక్కన రాయండి. చెరిపేస్తే ఆ సమాచారం పోయినట్టే. ‘మూడో రీడింగులో గోళం స్టాండుకు తగిలింది’ అన్న గమనిక పదిహేను రోజుల తర్వాత నివేదిక రాసేటప్పుడు ఎంత పనికొస్తుందో అప్పుడు తెలుస్తుంది.

పట్టికలో ప్రమాణాలు నిలువు వరుస శీర్షికలోనే రాయాలి, ప్రతి అంకె పక్కనా కాదు. ఒక వరుసలో దశాంశ స్థానాలన్నీ ఒకేలా ఉండాలి. స్కేలుపైన సరిగ్గా 80 సెంటీమీటర్లు వస్తే 80.0 అనే రాయాలి. ఆ సున్నా ‘మిల్లీమీటరు దాకా చూశాను’ అని చెబుతుంది. లెక్కించి తెచ్చిన విలువలను, నేరుగా కొలిచిన విలువలను కలగాపులగం చేయకుండా వేరువేరు వరుసల్లో పెట్టండి.

ప్రయోగశాలలో ఉండగానే చిత్తు గ్రాఫు గీసుకోవడం నేను చెప్పగలిగిన అతి మంచి అలవాటు. ఒక బిందువు వరుస తప్పితే అప్పుడే ఆ కొలతను మళ్లీ తీసుకోవచ్చు. ఇంటికి వెళ్లాక చూస్తే ఊహాగానాలే మిగులుతాయి.

కల్పించిన రీడింగుల గురించి కూడా ఒక మాట. అంకెలు కల్పించేవారు సాధారణంగా వాటిని మరీ దగ్గర దగ్గరగా రాస్తారు. నిజమైన చేతిలో, నిజమైన స్టాప్‌వాచ్‌తో వచ్చే చెదురు వారి ఊహకు అందదు. ఏళ్ల తరబడి ఇవే ప్రయోగాలను దిద్దినవారికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. ఎలాగూ చెదురుగా ఉన్న రీడింగులే విశ్లేషణకు ఎక్కువ సరుకు ఇస్తాయి.

6. అనిశ్చితిని లెక్కించడం

అనిశ్చితి అంటే ఆ ‘±’ పక్కన రాసే అంకె. ఆ మాట వినగానే భయపడేవారు ఎక్కువ. నిజానికి పాఠశాల స్థాయిలో దీనికి కావలసిన గణితం కూడిక, భాగహారం, శాతాలు మాత్రమే.

పొడవు 80.0 సెంటీమీటర్లు ఉన్నప్పుడు 20 డోలనాలకు పట్టిన కాలం అయిదుసార్లు ఇలా వచ్చిందనుకుందాం: 35.9, 36.1, 35.8, 36.0, 35.7 సెకన్లు. సగటు 35.9. అతి పెద్ద, అతి చిన్న విలువల మధ్య తేడా 0.4. అందులో సగం 0.2. కాబట్టి 20 డోలనాల కాలం 35.9 ± 0.2 సెకన్లు. స్టాప్‌వాచ్ తెరపైన 0.01 సెకను దాకా కనిపించవచ్చు. కానీ మన చేయి స్పందించడానికే సుమారు 0.2 సెకను పడుతుంది, కాబట్టి ‘± 0.01’ అని రాయడం మనల్ని మనం మోసగించుకోవడమే. గడియారం ఎంత సూక్ష్మమైనదో చెప్పినంత మాత్రాన కొలత అంత సూక్ష్మం కాదు.

ఒక్క డోలనానికి కాలం 35.9ని 20తో భాగిస్తే 1.795 సెకన్లు. అనిశ్చితి కూడా 20తో భాగించబడుతుంది, 0.01 సెకను. ఎక్కువ డోలనాలు తీసుకోవడంలోని కిటుకు ఇదే. అదే 0.2 సెకన్ల అనిశ్చితితో ఒక్క డోలనాన్ని కొలిస్తే కాలంలో 11%, గురుత్వ త్వరణంలో 22% అనిశ్చితి వచ్చేది. అంటే 9.8 ± 2. అలాంటి ఫలితంతో ఏమీ తేల్చలేం.

ఇప్పుడు రెండు నియమాలు. రాశులను గుణించినా, భాగించినా వాటి శాతం అనిశ్చితులను కూడాలి. వర్గం చేస్తే శాతం రెట్టింపవుతుంది. కాలంలో అనిశ్చితి 0.2ను 35.9తో భాగిస్తే 0.56%. వర్గంలో 1.1%. పొడవును ± 2 మిల్లీమీటర్ల మేర నమ్మితే 0.25%. మొత్తం సుమారు 1.4%. గురుత్వ త్వరణం 39.48 × 0.800 ÷ 1.795², అంటే 9.80. దానిలో 1.4% అంటే 0.14. తుది ఫలితం 9.8 ± 0.1 మీ/సె².

పొడవును 80.0 ± 0.2 అని రాశాను కానీ స్కేలు కనీసపు కొలత 1 మిల్లీమీటరే కదా, ± 0.1 ఎందుకు రాయలేదని అడగవచ్చు. వేలాడే బిందువు దగ్గర ముడి ఉంటుంది, గోళం మధ్య బిందువును కంటితో అంచనా వేయాలి. ఆ రెండు చోట్లా సందిగ్ధం ఉంది. ఇలాంటి సొంత నిర్ణయాన్ని కారణంతో సహా రాయండి. నా అనుభవంలో నివేదికలో అతి ఎక్కువ గౌరవం తెచ్చే వాక్యాలు ఇలాంటివే.

శాతాలు పక్కపక్కన పెట్టి చూస్తే మరో లాభం. కాలం వాటా 1.1, పొడవు వాటా 0.25. ప్రయోగాన్ని మెరుగుపరచాలంటే ఎక్కడ కష్టపడాలో అంకెలే చెబుతున్నాయి. ఈ స్థితిలో ‘ఇంకా మంచి స్కేలు వాడవచ్చు’ అని సూచన రాస్తే, మీ లెక్కను మీరే చదవలేదని తేలిపోతుంది.

చివరిగా సార్థక సంఖ్యలు. కాలిక్యులేటర్ 9.802531 చూపినా, అనిశ్చితి మొదటి దశాంశంలోనే ఉంది కాబట్టి ఫలితమూ అక్కడే ఆగాలి.

7. గ్రాఫు

దిద్దేవారిలో చాలామంది మొదట తిరగేసేది గ్రాఫు పేజీకే. అక్షాలపైన రాశి పేరు, ప్రమాణం ఉండాలి. బిందువులు గ్రాఫు కాగితంలో సగానికి పైగా పరుచుకోవాలి. చిన్న చిన్న గుణకారపు గుర్తులతో బిందువులు పెట్టండి, లావుపాటి చుక్కలు పనికిరావు. ప్రతి బిందువు దగ్గరా దాని ± మేరను చూపే నిలువు అనిశ్చితి గీతలు గీయండి. బిందువులను ఒకదానితో ఒకటి కలుపుకుంటూ పోకండి. అన్నిటికీ మధ్యగా వెళ్లే ఒకే సరళరేఖను స్కేలుతో గీయాలి. వాలు కోసం రేఖపైన దూరంగా ఉన్న రెండు స్థానాలు తీసుకోవాలి, మీ రీడింగుల బిందువులను కాదు. కంప్యూటర్ గీసిన రేఖను వాడుతున్నా ఈ సూత్రాలన్నీ వర్తిస్తాయి. స్ప్రెడ్‌షీట్ ఇచ్చే సమీకరణాన్ని ప్రమాణాలు లేకుండా, ఏడు దశాంశాలతో అతికించడం మాత్రం మానండి.

అనిశ్చితి గీతలన్నిటినీ తాకుతూ వెళ్లగల అతి నిటారు రేఖను, అతి వాలిన రేఖను కూడా గీయండి. ఉదాహరణకు ప్రధాన రేఖ వాలు 4.03, మిగతా రెండింటివి 4.10, 3.95 వచ్చాయనుకోండి. 39.48ని వీటితో భాగిస్తే 9.80, 9.63, 9.99. కాబట్టి గ్రాఫు ఇచ్చిన ఫలితం 9.8 ± 0.2.

ఇక పొడవు కథ. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు దారం పొడవును గోళం పైభాగం దాకా కొలిచి ఊరుకున్నాను. గోళం వ్యాసార్థం 1 సెంటీమీటరు అనుకుందాం. 20 సెంటీమీటర్లు అని రాసిన చోట అసలు పొడవు 21. ఆ ఒక్క రీడింగుతో లెక్కిస్తే గురుత్వ త్వరణం 9.3 వస్తుంది. 100 సెంటీమీటర్ల దగ్గర లెక్కిస్తే 9.7. పొడవు పెరిగే కొద్దీ ఫలితం మెల్లగా పైకి పాకుతుంది. వీటన్నిటికీ సగటు తీస్తే తప్పు విలువలకు సగటు వస్తుంది, అంతే.

గ్రాఫులో ఏమవుతుందో చూడండి. ప్రతి బిందువూ అడ్డంగా 1 సెంటీమీటరు ఎడమకు జరిగింది. అన్నీ సమానంగా జరిగాయి కాబట్టి రేఖ వాలు ఏమాత్రం మారదు. గురుత్వ త్వరణం 9.8 అనే వస్తుంది. రేఖ మాత్రం మూలబిందువు గుండా పోకుండా నిలువు అక్షాన్ని 0.04 సె² దగ్గర ఖండిస్తుంది. దాన్ని వెనక్కి పొడిగిస్తే అడ్డ అక్షాన్ని సరిగ్గా మైనస్ 1 సెంటీమీటరు దగ్గర తాకుతుంది. మరచిపోయిన వ్యాసార్థాన్ని గ్రాఫు పట్టి ఇచ్చింది! ఫలితాన్ని సూత్రంలో విలువలు వేసి కాకుండా వాలు నుంచి తీయమని గురువులు పట్టుబట్టడం వెనుక ఉన్న బలమైన కారణం ఇదే. నా నివేదికలో మాత్రం నేను రేఖను బలవంతంగా మూలబిందువు గుండా గీశాను. సిద్ధాంతం అలా చెబుతోంది కదా అనుకున్నాను. పోయిన మార్కుల కన్నా, దొరికిన ఆధారాన్ని చేతులారా తుడిచేశానన్నదే ఇప్పటికీ గుర్తుంది.

రేఖ మూలబిందువు గుండా పోకపోతే పోనివ్వండి. ఆ అంతరఖండం (రేఖ అక్షాన్ని ఖండించిన చోటి విలువ) ఎంత, దానికి భౌతికంగా ఏ అర్థం ఉండవచ్చో రాయండి. తీగ నిరోధం ప్రయోగంలో అయితే అది తరచు క్లిప్పుల దగ్గరి స్పర్శ నిరోధం.

8. లోపాల సమీక్ష

‘మానవ తప్పిదాల వల్ల ఫలితంలో తేడా వచ్చింది.’ దిద్దేవారు విసుగెత్తిపోయిన వాక్యం ఇది. ఏ తప్పిదం, ఫలితాన్ని పెంచిందా తగ్గించిందా, ఎంత మేర అన్న మూడు ప్రశ్నలకు అది జవాబు చెప్పదు. ప్రతి లోపానికీ ఈ మూడూ రాస్తే సమీక్ష దానంతట అదే నిలబడుతుంది. ఉదాహరణకు: ‘డోలన కోణం కొన్నిసార్లు 20 డిగ్రీల దాకా వెళ్లి ఉండవచ్చు. దానివల్ల కాలం 0.8% పెరిగి, గురుత్వ త్వరణం సుమారు 1.6% తగ్గి వస్తుంది. నా ఫలితం తగ్గింది కాబట్టి ఇది సరైన దిశలోనే ఉంది. కానీ వచ్చిన తేడా 4%, కాబట్టి ఇదొక్కటే కారణం కాలేదు.’

లోపాలు రెండు రకాలు. యాదృచ్ఛిక దోషాలు రీడింగులను అటూ ఇటూ చెదరగొడతాయి. ఎక్కువ రీడింగులు తీసి సగటు కడితే అవి తగ్గుతాయి. క్రమ దోషాలు అన్నిటినీ ఒకే వైపు నెడతాయి. వెయ్యి రీడింగులు తీసినా అవి చెక్కుచెదరవు. ‘ఇంకా ఎక్కువసార్లు కొలిస్తే బాగుండేది’ అనే సూచన క్రమ దోషానికి మందు కాదు.

దీనికి ప్రపంచమంతా చూసిన ఉదాహరణ ఉంది. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకు సుమారు 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందుగా చేరినట్టు 2011 సెప్టెంబరులో ఒపేరా ప్రయోగ బృందం ప్రకటించింది. వారి దగ్గర 15 వేలకు పైగా న్యూట్రినోల దత్తాంశం ఉంది, కాబట్టి యాదృచ్ఛిక దోషం చాలా తక్కువ. అయినా 2012లో అసలు విషయం బయటపడింది. కాల సంకేతాన్ని మోసుకొచ్చే ఒక ఫైబర్ ఆప్టిక్ కేబులు సరిగ్గా బిగుసుకోలేదు. పదిహేను వేల రీడింగులూ ఒకే వైపు జరిగాయి. మీ స్టాండు బిగింపును, స్క్రూగేజి సున్నాను ముందే చూసుకోమనేది అందుకే.

మెరుగుదల సూచనలు కూడా ఇలాగే నిర్దిష్టంగా ఉండాలి. ‘మంచి పరికరాలు వాడాలి’ అనే మాటకు మార్కులు రావు. ‘సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో కాలాన్ని సుమారు 0.03 సెకను దాకా చదవవచ్చు, 240 ఫ్రేములైతే 0.004 సెకను దాకా. చేతి స్పందన సమస్య పూర్తిగా పోతుంది’ అంటే వస్తాయి.

9. ముగింపు విభాగం

మొదట వేసిన ప్రశ్నకు ఇక్కడ నేరుగా జవాబు చెప్పాలి. సంబంధం ఏమిటి, ఫలితం ఎంత, అనిశ్చితి ఎంత, అది ఏ వ్యాప్తికి వర్తిస్తుంది. ‘20 నుంచి 100 సెంటీమీటర్ల వ్యాప్తిలో ఆవర్తన కాలం వర్గం పొడవుకు అనులోమానుపాతంలో ఉంది’ అనండి. ‘నిరూపించాను’ అనకండి. మీ దత్తాంశం సిద్ధాంతంతో ఏకీభవిస్తుంది లేదా ఏకీభవించదు, అంతవరకే చెప్పగలం.

ప్రామాణిక విలువతో పోల్చేటప్పుడు శాతం తేడా ఒక్కటే చాలదు. ఆ విలువ మీ ± పరిధిలో పడిందా అన్నదే అసలు పరీక్ష. 9.6 ± 0.3లో 9.81 పడుతుంది, కాబట్టి ఏకీభవించింది. 9.6 ± 0.1లో పడదు. అంటే మీరు గుర్తించని క్రమ దోషమో, తక్కువ చేసి చూసిన అనిశ్చితో ఉంది. అదే రాయండి, సర్దుబాటు చేయకండి. పైగా ఆ ‘ప్రామాణిక’ విలువ కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు ప్యారిస్ నుంచి భూమధ్యరేఖకు దగ్గరలోని కయెన్‌కు వెళ్లినప్పుడు, అక్కడ లోలక గడియారం రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడుతోందని గమనించాడు. సెకన్ల లోలకాన్ని (ఒక వైపు ఊపుకు ఒక సెకను పట్టే లోలకం) దాదాపు 3 మిల్లీమీటర్లు పొట్టి చేయాల్సి వచ్చింది. ఆ తేడాను గడియారం లోపమని కొట్టిపారేయకుండా నమోదు చేశాడు. భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుని ఉందని 1687లో న్యూటన్ వాదించినప్పుడు వాడుకున్న ఆధారాల్లో అదొకటి.

10. రాసే క్రమం, చివరి తనిఖీ

నివేదికను మొదటి పేజీ నుంచి చివరి పేజీకి రాయనక్కర్లేదు. పట్టిక, గ్రాఫు ముందు తయారు చేసుకోండి. తర్వాత అనిశ్చితి లెక్క, సమీక్ష, ముగింపు. పద్ధతి జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడే రాసేయాలి కాబట్టి ప్రయోగం చేసిన రోజునే దాని చిత్తు ప్రతి సిద్ధం చేయడం మేలు. పరిచయాన్ని ఆఖరున రాస్తే, అది నిజంగా ఆ నివేదికకే పరిచయమవుతుంది.

అంతా అయ్యాక పద్ధతి పేజీని మాత్రం తోటి విద్యార్థి చేతిలో పెట్టండి. మీరు నోరు మెదపకుండా పక్కన నిలబడి, దాన్ని చదివి ప్రయోగాన్ని అమర్చమనండి. ‘పొడవు ఎక్కడి దాకా కొలవాలి?’ అని వారు తలెత్తి అడిగిన ప్రతి చోటా మీ నివేదికలో ఒక వాక్యం తగ్గిందని అర్థం. ఆ వాక్యాలు చేర్చి, ముఖపత్రంపైన పేరు రాసి, ఇచ్చేయండి.